నిన్నటి పాఠం

మారతహళ్ళిలో, కుళాయిలమ్మే కొట్టు మీద
రేకుల గది మా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు.
రాత్రి ఎనిమిదిన్నరకి వస్తారు,
డ్యూటీ దిగినవాళ్ళు, డ్యూటీ ఎక్కాల్సినవాళ్ళు.
పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదానికి కాలు విరిగింది.
దాన్ని గోడకి ఆనించి కూర్చోవడం
తిప్పేస్వామి ఒక్కడికే చేతనవును.

శనివారం క్లాసుని ఊరికే ఫోన్‌లో రికార్డు చేశాను.
ఆదివారం వంకాయలు తరుగుతూ విన్నాను.
గంటంతా నేనే.
నా "వెరీ గుడ్", నా "రిపీట్", నా "నో నో, వెంట్, వెంట్",
మధ్యమధ్య చినుకు రాలినట్టు వాళ్ళ "ఎస్ మేడమ్".
మాట్లాడటం నేర్పుతామని ఫీజు కట్టించుకుని
మాట్లాడే పనంతా నేనే చేసేస్తున్నాను.

ఒకచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విన్నాను.
"ఓబులేసూ, వాట్ డిడ్ యూ డూ ఎస్టర్డే?"
"ఎస్టర్డే ఐ..."
ఆ తర్వాత ఒక ఊపిరి.
మాటకి సరిపడా లోపలికి తీసుకున్నది.
అది బయటికి రాకముందే నా గొంతు:
"వెంట్? వెంట్ టు మార్కెట్?"
"ఎస్ మేడమ్."
"వెరీ గుడ్."

ఏ మార్కెట్టు?
ఏం కొన్నాడని వెరీ గుడ్?
నాకు కావలసిన క్రియ అతని నోట్లో పెట్టి
నేనే తీసుకుని, నేనే మెచ్చుకున్నాను.
ముక్కలు ఉప్పునీళ్ళలో వెయ్యడం మరిచాను,
నల్లబడి కూర్చున్నాయి.

ఓబులేసుది ధర్మవరం పక్క. ఇక్కడ ఒక అపార్ట్‌మెంటు గేటు.
"విచ్ ఫ్లాట్ సార్" దాకా నోరు తిరుగుతుంది,
ఆపైన సార్లు ఏదైనా తిరిగి అడిగితే
గొంతులో పచ్చి వెలక్కాయ.

సోమవారం అదే ప్రశ్న వేశాను.
"ఎస్టర్డే ఐ..."
పెదవిని పంటి కింద పట్టుకున్నాను.
ఒకటి. రెండు.
కింద కొట్టు షట్టరు సగం దిగిన చప్పుడు.
మూడు.
అందరూ నన్నే చూస్తున్నారు,
పాఠం మరిచిపోయింది మేడమేనేమో అన్నట్టు.
నీళ్ళ ట్యాంకరొకటి కూకూమని వెనక్కి నడుస్తూ
సందులోకి వచ్చి ఇరుక్కుంది.
జయమంగళ మాట అందించబోయింది, కళ్ళతో వారించాను.
ఏడో, ఎనిమిదో. లెక్క తప్పింది.

"ఎస్టర్డే ఐ స్టాండ్."

స్టుడ్ అనాలి. నా నాలుక అప్పుడే లేచింది,
కూర్చోబెట్టాను.
"ట్వెల్వ్ అవర్ స్టాండ్. నైట్ బాయ్ నాట్ కమ్. అగైన్ స్టాండ్."
కాస్త ఆగి, మోకాలంత ఎత్తులో గాల్లో చెయ్యి ఆడించి,
"చెయిర్... సెక్రటరీ సార్ టేక్."

తిప్పేస్వామి తన కుంటి కుర్చీలో సర్దుకున్నాడు.
"ఓన్లీ స్టాండింగ్ ఆ?"
నేనడక్కుండానే, నన్ను చూడకుండానే, అతన్నే చూస్తూ.
"ఓన్లీ," అన్నాడు ఓబులేసు.
ఆర్నెల్లలో మొదటిసారి ఒక మాట
నా బల్ల మీదుగా పోకుండా
ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి పోయింది.

బోర్డు మీద ఏమీ లేదు. అయినా తుడుస్తున్నాను.
వెనకనించి:
"మేడమ్. ఎస్టర్డే... యూ?"

ఈ గదిలో ఇంతవరకూ ప్రశ్నలన్నీ నావే,
జవాబు ముందే నా దగ్గరున్న ప్రశ్నలు.
నిన్న నేనేం చేశాను?
వంకాయలు తరగడాన్ని ఇంగ్లీషులో చెప్పగలను.
అది కాదు చెప్పాల్సింది.
"ఎస్టర్డే ఐ..." అన్నాను.
ఊపిరి తీసుకున్నాను. పెగల్లేదు.

ఓబులేసు ఏ మాటా అందివ్వలేదు.
గేటు పట్టుకుని నిలబడే మనిషి,
లోపల ఉన్నవాళ్ళు బయటికి వచ్చేదాకా
అలాగే చూస్తూ ఉన్నాడు.